పిలక చేతులు మారితేనే అరటి బతుకుతుంది: మన బొంత కాయ, హవాయి నల్ల అరటి

(ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే పెట్టాం, తడబాట్లు మాత్రం తీసేశాం.)

  ఈరోజు అరటికాయ గురించి మాట్లాడుకుందాం. పండు సంగతి వదిలేద్దాం, కూర అరటి సంగతే.

ఇది ఎందుకు పెట్టుకున్నానంటే, ఈమధ్య ముగ్గురు నలుగురు వాయిస్ మెసేజ్ పెట్టి ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, ఈసారి వెకేషన్ నుంచి వచ్చేటప్పుడు ఊరి బొంత అరటి పిలక ఒకటి సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకోవచ్చా? మేం పనిచేసే విల్లా వెనకాల ఖాళీ నేల ఉంది, కఫీల్ కూడా సరే అన్నాడు" అని. కువైట్‌లో మన కాయ దొరకట్లేదని వాళ్ళ బాధ.

సమాధానం ముందే చెప్పేస్తా: తేవొద్దు. కానీ ఒక్క మాటలో వద్దనేసి ఊరుకుంటే న్యాయం కాదు. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చెయ్యొచ్చో చెప్పాలి. అది చెప్పాలంటే పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్న హవాయి దాకా వెళ్ళి రావాలి. అక్కడ నల్ల కాండం ఉన్న కూర అరటి ఒకటుంది. దాని కథ వింటే మన బొంత కథ సగం అర్థమైపోతుంది.

పచ్చిగా ఉన్నదల్లా కూరకాయ కాదు

ముందు మన మార్కెట్ నుంచి మొదలుపెడదాం. ఇక్కడ ఫర్వానియాలోనో, అబ్బాసియాలోనో, మంగఫ్‌లోనో కూరగాయల షాపుకి వెళ్ళి అరటికాయ అడిగితే మామూలుగా రెండు రకాలు చేతికొస్తాయి.

ఒకటి, పండు అరటినే పచ్చిగా ఉండగా అమ్మేది. ఫిలిప్పీన్స్ నుంచో, ఈక్వడార్ నుంచో, మన దేశం నుంచో అట్టపెట్టెల్లో వచ్చే కావెండిష్ జాతి. పూర్తిగా ముదరకముందే కోసి, 13, 14 డిగ్రీల చల్లదనంలో కంటైనర్‌లో పంపిస్తారు. దిగిన ఊళ్ళో ఎథిలీన్ గ్యాస్ గదిలో పెట్టి ముగ్గబెడతారు. ఆ గదిలోకి వెళ్ళని కాయే మనకి కూరకాయగా దొరుకుతుంది. దాంతో వేపుడు చేస్తే మొదటిరోజు పర్లేదు. రెండోరోజుకి తియ్యదనం మొదలవుతుంది, మూడోరోజు కూర ముద్దయిపోతుంది.

రెండోది మలయాళీ సోదరుల నేంద్రం. పొడుగ్గా, కాస్త వంపు తిరిగి ఉంటుంది. చిప్స్‌కి దానికి సాటి లేదు. ఉడకబెడితే గట్టిగానే నిలబడుతుంది, కాకపోతే దాని రుచి వేరు. మన ఆవపెట్టిన కూరకి అది పూర్తిగా కుదరదు.

మనం వెతికేది మూడోది, బొంత. లావుగా, పొట్టిగా, ఒళ్ళంతా అంచులు తేలి, తోలు మందంగా ఉంటుంది. చాకుతో చెక్కు తీస్తుంటే చేతికి జిగురు పడుతుంది. లోపల కండ తెల్లగా, పిండి పిండిగా ఉంటుంది. ఉడికాక కూడా ముక్క ముక్కగానే ఉంటుంది. బజ్జీ వేసినా, పొడికూర చేసినా, పులుసులో వేసినా విడిపోదు. మన సూపర్ మార్కెట్లలో ఇది ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది, కనిపించినరోజు సాయంత్రానికి ఉండదు.

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందంటే, మనం తినే అరటి రకాల్లో చాలా వరకు రెండు అడవి జాతుల సంతానం. వాటికి శాస్త్రవేత్తలు ఎ, బి అని గుర్తులు పెట్టుకున్నారు. ఎ వైపు మెత్తదనం, తీపి. బి వైపు పిండి, గట్టిదనం, కరువుకి తట్టుకునే గుణం. కావెండిష్‌లో మూడు పాళ్ళూ ఎ యే. నేంద్రంలో రెండు ఎ, ఒక బి. మన బొంతలో ఒక ఎ, రెండు బి. సిమెంటు, ఇసుక, కంకర పాళ్ళు మారితే కాంక్రీటు గ్రేడు ఎలా మారుతుందో ఇదీ అంతే. మిక్స్ మారింది కాబట్టి పని మారింది. పచ్చి కావెండిష్ తెచ్చి బొంత కూర రాలేదని వంటమనిషిని తిడితే లాభం లేదు.

ఇక్కడ దొరికేదాంతో సర్దుకోవాలంటే చిన్న కిటుకు. పచ్చి కావెండిష్‌ని చెక్కు తియ్యకుండానే ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో సగం ఉడకనిచ్చి, చల్లారాక తోలు ఒలిచి ముక్కలు కొయ్యండి. ముద్దవదు. పచ్చిగానే కొయ్యాలంటే చేతికి నూనె రాసుకుని, ముక్కల్ని పల్చటి మజ్జిగలో వెయ్యండి, నల్లబడవు. బొంత దొరికినరోజు తోలు కూడా పారెయ్యకండి. సన్నగా తరిగి వేయించి, చింతపండు, ఎండుమిర్చి వేసి నూరితే పచ్చడి.

బొంత ఒక్క పేరు కాదు

గోదావరి జిల్లాలవాళ్ళకి నేను చెప్పేదేముంది. అమృతపాణి, తెల్ల చక్రకేళి, కర్పూర చక్రకేళి, బొంత, ఇవన్నీ చిన్నప్పటినుంచి విన్న పేర్లే. రావులపాలెం అరటి మార్కెట్ యార్డులో పొద్దున్నే గెలలు దిగుతుంటే ఏది ఏ రకమో దూరం నుంచే చెప్పేస్తారు. బొంత గెలలు అక్కడినుంచే లారీల్లో బయటి రాష్ట్రాలకి కూడా వెళ్తాయి.

బొంతలో మళ్ళీ రకాలున్నాయి. కాయ మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర ఉండేది బూడిద బొంత. ఆ పొర లేకుండా నిగనిగలాడేది పచ్చ బొంత. కాయ మరీ లావుగా వచ్చేది ఏనుగు బొంత. పాత లిస్టుల్లో బూడిద బొంత బత్తీస, పచ్చ బొంత బత్తీస అని కూడా కనిపిస్తుంది. తమిళనాడులో దీన్నే మొంతన్ అంటారు. కొవ్వూరులో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన స్థానం ఉంది, అరటి మీద ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. కొవ్వూరు బొంత, గోదావరి బొంత అనే రకాలు అక్కడినుంచి వచ్చినవే.

కాయ ఒక్కటే కాదండి. పువ్వు వలిచి కూర చేసుకుంటాం. గెల కోశాక కాండం చీల్చి లోపలి దూట తీసి పెరుగుపచ్చడి చేసుకుంటాం. ఆకు విస్తరి. నార పూలదండకి. పెళ్ళి పందిరి గుంజకి గెలతో సహా చెట్టే కడతాం. ఇంకోటి చెప్పాలి. మన వైపు చాలా ఇళ్ళల్లో తద్దినం రోజు బంగాళాదుంప, క్యాబేజీ, టమాటా పొయ్యి ఎక్కవు. కొత్తగా వచ్చిన కూరగాయలు పితృకార్యానికి పనికిరావని లెక్క. అరటికాయ మాత్రం ఉండి తీరాలి. తాతముత్తాతలు తిన్న కూర కాబట్టి వాళ్ళకి అదే పెడతాం. అంటే ఈ కాయ మన ఇంట్లో ఎన్ని తరాలుగా ఉందో ఆ విస్తరే సాక్ష్యం చెబుతోంది.

హవాయి నల్ల అరటి

ఇప్పుడు సముద్రం దాటుదాం. హవాయి అంటే అమెరికా రాష్ట్రం, పసిఫిక్ మధ్యలో దీవులు. సుమారు వెయ్యేళ్ళ కిందట పోలినేషియన్ జనం జంట పడవల మీద, నక్షత్రాలు చూసుకుంటూ వేల మైళ్ళు ప్రయాణం చేసి అక్కడికి చేరారు. కొత్తచోట ఏం దొరుకుతుందో తెలీదు. అందుకని బతకడానికి కావల్సిన మొక్కలన్నీ పడవలో పెట్టుకెళ్ళారు. చేమదుంప, చెరకు, కొబ్బరి, సీమపనస, వాటితోపాటు అరటి పిలకలు. హవాయి భాషలో అరటిని మైఆ అంటారు.

ఆ పిలకల నుంచి అక్కడ పదుల కొద్దీ రకాలు తయారయ్యాయి. వాటిలో ఒకటి మైఆ ఎలెఎలె. ఎలెఎలె అంటే నలుపు. కాండం, ఆకు తొడిమ నల్లగా నిగనిగలాడతాయి. కొత్తగా చూసినవాళ్ళు తెగులు పట్టిందనో, ఎవరో కాల్చారనో అనుకుంటారు. తెగులేం కాదు, దాని ఒంటి రంగే అంత. కాయ లోపల కండ నారింజ రంగులో ఉంటుంది. వాళ్ళు దీన్ని ప్రధానంగా వండుకునే తింటారు. మావొలి అనే కూర అరటి కుటుంబం అది. మన నేంద్రం లాగే రెండు ఎ, ఒక బి.

వాళ్ళ వంట చూడండి. నేలలో గొయ్యి తవ్వి, రాళ్ళు ఎర్రగా కాల్చి, ఆ రాళ్ళ మీద అరటి కాండం చితక్కొట్టి పరుస్తారు. ఆ కాండంలో నీరే ఆవిరి. దాని మీద ఆకుల్లో చుట్టిన దుంపలు, అరటికాయలు, మాంసం పెట్టి పైన మట్టి కప్పేస్తారు. ఆ గొయ్యి పొయ్యిని ఇము అంటారు. అంటే వంట సరుకూ అరటే, వంట పాత్రలో నీళ్ళూ అరటే. మన దూట పచ్చడికీ, విస్తరికీ వాళ్ళు అన్నదమ్ములే అనిపిస్తుంది నాకు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది, కపు అంటారు. నిషేధం అని అర్థం. ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి భోంచెయ్యకూడదు, పంది మాంసం తినకూడదు, కొబ్బరికాయ తినకూడదు. అరటిలో కూడా ఒకట్రెండు రకాలు తప్ప మిగతావి ముట్టుకోకూడదు. తప్పితే శిక్ష ప్రాణం మీదకి వచ్చేది. 1819లో రెండో కమెహమెహా రాజు అందరి ముందూ ఆడవాళ్ళతో కలిసి కూర్చుని భోంచేశాడు. ఆ ఒక్క భోజనంతో ఆ కట్టుబాటు కూలిపోయింది. అరటికాయ తినే హక్కు కూడా ఆరోజు ఆడవాళ్ళకి వచ్చిందన్నమాట.

తర్వాతేమైంది? చెరకు ప్లాంటేషన్లు వచ్చాయి, అనాస తోటలు వచ్చాయి. అమ్మకానికి పనికొచ్చే అరటిగా కావెండిష్ వచ్చింది. పాత రకాలు లోయల్లో, కొండ వాగుల పక్కన మిగిలాయి. 1926లో విలిస్ పోప్ అనే ఆయన హవాయి అరటి సాగు మీద ఒక పుస్తకం రాసి అక్కడి రకాల్ని వివరంగా నమోదు చేశాడు. అలా రాసిపెట్టినవాళ్ళ వల్లే, పిలకలు వెతికి తోటల్లో కాపాడినవాళ్ళ వల్లే ఎలెఎలె లాంటివి ఇవాళ ఇంకా ఉన్నాయి. చాలా రకాలకి ఇప్పుడు పేరు ఒక్కటే మిగిలింది.

ఒకే అచ్చులో పోసిన బ్లాకులు

ఇక్కడ ఆగి ఒక విషయం ఆలోచించండి. వంకాయ రకం పోతే ఎక్కడో ఒక డబ్బాలో పది గింజలు దొరకొచ్చు. వరి రకం పోతే ఎవరి గాదెలోనో పిడికెడు వడ్లు ఉండొచ్చు. అరటికి ఆ అవకాశం లేదు. మనం తినే అరటిలో మొలిచే గింజ ఉండదు. పండు కోస్తే మధ్యలో కనిపించే నల్ల చుక్కలు మొలవని గింజల గుర్తులు. తల్లి దుంప నుంచి వచ్చే పిలకే దాని సంతానం. ఆ పిలకని ఒక మనిషి తవ్వి, ఇంకో చోట నాటాలి. వెయ్యేళ్ళ కింద పడవలో వెళ్ళిన పిలక, దాని పిలక, దాని పిలక, ఇలా చెయ్యి మారుతూ వచ్చిందే ఇవాళ్టి ఎలెఎలె. మన బొంతా అంతే. మధ్యలో ఒక్క తరం పట్టించుకోకపోతే అక్కడితో తెగిపోతుంది.

పిలక నుంచి వచ్చింది కాబట్టి ప్రతి మొక్కా తల్లికి నకలే. సైటులో ఒకే అచ్చులో పోసిన బ్లాకుల్లాగా. అచ్చులో పగులుంటే ఆ పగులు ప్రతి బ్లాకులోనూ వస్తుంది. ఒక మొక్కకి తట్టుకోలేని జబ్బు వస్తే మొత్తం తోటకి తట్టుకునే శక్తి ఉండదు.

ప్రపంచానికి ఇది ఒకసారి అనుభవమైంది. కావెండిష్ కంటే ముందు ఎగుమతి మార్కెట్‌ని ఏలింది గ్రో మిషెల్ అనే రకం. పనామా తెగులు అనే బూజు మట్టిలో పాకి, వేళ్ళ నుంచి ఎక్కి తోటలకి తోటల్ని ఎండబెట్టేసింది. 1960ల నాటికి కంపెనీలు దాన్ని వదిలేసి కావెండిష్‌కి మారిపోయాయి. ఇప్పుడు అదే తెగులులో ట్రాపికల్ రేస్ 4 అనే కొత్త రూపం కావెండిష్‌నే పట్టుకుంది. మన దేశంలోకీ వచ్చింది, 2019లో దక్షిణ అమెరికాలో కొలంబియాకీ చేరింది.

అంత దూరం ఎందుకు, మన అమృతపాణినే చూడండి. వాసనకీ రుచికీ దాన్ని మించింది లేదని పెద్దవాళ్ళు చెప్తారు. అదే పనామా తెగులుకి అది తొందరగా లొంగిపోతుంది. అందుకే రైతులు దాన్ని తగ్గించేశారు. రైతుని తప్పుపట్టలేం, పంట చచ్చిపోతుంటే ఎన్నాళ్ళు వేస్తాడు?

రాయలసీమలో ఇంకో దారి. పులివెందుల, తాడిపత్రి, రైల్వే కోడూరు వైపు టిష్యూ కల్చర్ మొక్కలు, డ్రిప్పు పెట్టి గ్రాండ్ నైన్ వేస్తున్నారు. అదీ కావెండిష్ కుటుంబమే. 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకి 43 రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లలో 980 టన్నుల అరటితో ప్రత్యేకంగా రైలు వెళ్ళింది, అక్కడినుంచి ఓడలో ఇరాన్‌కి. మన కడప, అనంతపురం రైతు పంట గల్ఫ్ దాకా రావడం గర్వంగానే ఉంటుంది. ఆ రైతుకి డబ్బు రావాలి. నేననేది ఒక్కటే, అమ్మకానికి ఏ రకమైనా వేసుకోండి, ఇంటి కూరకి ఇంటి రకం ఒక్క దుబ్బు ఎక్కడో ఒకచోట ఉండాలి.

సూట్‌కేసులో పిలకతో పాటు ఏమొస్తుంది

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. పిలక చేతులు మారితేనే రకం బతుకుతుందని నేనే చెప్తున్నా. మరి సూట్‌కేసులో తెస్తానంటే ఎందుకు వద్దంటున్నా?

ఎందుకంటే పిలక ఒంటరిగా ప్రయాణం చెయ్యదు. బంచీటాప్ అనే వైరస్ తెగులుంది, మన వైపు వెర్రితల తెగులు అని కూడా అంటారు. అరటికి ఇంతకంటే చెడ్డ వైరస్ లేదు. సోకిన మొక్కకి కొత్తాకులు చిన్నగా, నిటారుగా, అంచులు పసుపెక్కి, కొసన గుత్తిలా గుచ్చుకుని వస్తాయి. చిన్నప్పుడే సోకితే గెల వెయ్యదు. మందు లేదు. మొక్క నుంచి మొక్కకి అరటి పేనుబంక మోస్తుంది. ఊరి నుంచి ఊరికి, దేశం నుంచి దేశానికి మాత్రం మనిషే మోస్తాడు, పిలక రూపంలో. చూడ్డానికి పిలక ఆరోగ్యంగానే ఉంటుంది, లోపల వైరస్ ఉంటుంది. నాటిన కొన్నాళ్ళకి గానీ బయటపడదు.

దాని ప్రయాణం చూడండి. 1889లో ఫిజీ దీవుల్లో మొదట నమోదైంది. అక్కడినుంచి ఆస్ట్రేలియా చేరి, 1920ల్లో అక్కడి తోటల్ని దాదాపు తుడిచిపెట్టింది. మాగీ అనే శాస్త్రవేత్త దాన్ని పేనుబంక మోస్తోందని తేల్చాక, జబ్బు మొక్కలు పీకెయ్యడం, తనిఖీ అయిన పిలకలే నాటడం చట్టంగా పెట్టారు. దాంతో మళ్ళీ తేరుకున్నారు. మన దేశంలోకి 1940 ప్రాంతాల్లో సిలోను నుంచి కేరళకి వచ్చింది. తమిళనాడు పళని కొండల్లో విరూపాక్షి అని కొండ అరటి ఉంది, పళని పంచామృతంలో పడేది అదే. 1970ల్లో సుమారు 18 వేల హెక్టార్లలో ఉన్న ఆ పంట ఈ తెగులు వల్ల రెండు వేల హెక్టార్లకి పడిపోయింది. 1989లో హవాయిలో దిగింది. మొదట ఒవాహు దీవిలో, తర్వాత మిగతా దీవుల్లో. వెయ్యేళ్ళు కాపాడుకున్న ఎలెఎలె లాంటి రకాలకి కూడా అక్కడ ఇప్పుడు పెద్ద భయం ఇదే.

పిలకతో పాటు వైరస్ ఒక్కటే కాదు, దుంపలో పురుగు వస్తుంది, వేళ్ళ మట్టిలో పనామా బూజు వస్తుంది, నులిపురుగులు వస్తాయి. అందుకే బతికున్న మొక్క దేశం దాటాలంటే పంపే దేశంలో మొక్కల ఆరోగ్య ధృవీకరణ పత్రం కావాలి, ఇక్కడ కువైట్‌లో వ్యవసాయ, మత్స్య వనరుల సంస్థ అనుమతి కావాలి. సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తేవడానికి దారి లేదు. కస్టమ్స్‌లో దొరికితే పిలక పోవడమే కాక మీకూ తలనొప్పి.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. కువైట్ ఎండ సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని నిర్ధారించింది. అరటి 38 డిగ్రీలు దాటితే ఎదుగుదల ఆపేసి ఆకులు మాడ్చుకుంటుంది. పైగా దానికి ఉప్పునీళ్ళు పడవు. నీడ, మంచినీళ్ళు, గాలి అడ్డు అన్నీ ఉంటే ఇళ్ళ తోటల్లో నాలుగు అరటి చెట్లు బతికించడం కుదురుతుంది. కానీ అక్కడ మీరు ఎన్నాళ్ళుంటారు? వీసా రద్దయినరోజు ఆ చెట్టుకి నీళ్ళెవరు పోస్తారు? రకాన్ని కాపాడేచోటు మనం కదిలిపోయే చోటు కాకూడదు.

పెరట్లో ఆరడుగులు

కాబట్టి చెయ్యాల్సింది ఊళ్ళో ఉంది. ఇక్కడ నా పని వైపు నుంచి ఒక మాట చెప్తా.

మన ఊళ్ళల్లో గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్ళు చూడండి. రాజోలు వైపైనా, రాజంపేట వైపైనా ఒకటే తీరు. కాంపౌండు గోడ నుంచి కాంపౌండు గోడ దాకా సిమెంటు. ముందు పార్కింగ్ టైల్స్, వెనక వాష్ ఏరియా, పక్కన బోరు. పాత ఇంట్లో నూతి పక్కన, అంట్లు తోమిన నీళ్ళు పారేచోట అరటి దుబ్బు ఒకటి ఉండేది. ఆ నీళ్ళన్నీ అదే తాగేది. దానికి ఎవరూ ఎరువు వెయ్యలేదు, కాపలా కాయలేదు. ఇంటికి స్లాబు పడినరోజు ఆ దుబ్బు పోయింది. బొంత పోవడానికి తెగులు ఎంత కారణమో పెరటి సిమెంటూ అంత కారణం.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ప్లాను గీయించేటప్పుడే చెప్పండి: పెరట్లో ఆరడుగులకి ఆరడుగులు మట్టి వదలమని. "అరటి వేస్తే పునాది కదులుతుంది" అని మేస్త్రి అంటాడు. అరటి వేళ్ళు మర్రి వేళ్ళ లాంటివి కావు. సన్నగా, మెత్తగా, పైపైనే పాకుతాయి. గోడకి నాలుగైదు అడుగులు ఎడం ఉంచితే చాలు. సెప్టిక్ ట్యాంకు పక్కన వద్దు, కరెంటు తీగ కింద వద్దు. వంటింటి నీళ్ళు అటు మళ్ళించండి. ఘాటు రసాయనాలు, బ్లీచింగు మాత్రం పొయ్యకండి. గెల వేశాక బరువుకి, గాలికి ఒరుగుతుంది, సెంటరింగ్‌కి పోటు పెట్టినట్టు ఒక వెదురు గెడ పోటు పెట్టండి.

పిలక ఎంచడం ముఖ్యం. పిలకలు రెండు రకాలు. సన్నగా కత్తిలా సూటిగా ఆకులుండేది సూది పిలక, అది తీసుకోవాలి. చిన్నగా ఉండగానే వెడల్పాకులు వేసేది నీటి పిలక, దానికి దుంప బలం ఉండదు, వద్దు. రెండు మూడు నెలల పిలక, దుంప ఒకటిన్నర రెండు కిలోలుంటే మంచిది. పాత వేళ్ళు, మట్టి, నల్లబడ్డ భాగం చెక్కేసి నాటాలి. దానికంటే ముందు తల్లి చెట్టుని చూడండి. ఆకు తొడిమ మీద, ఈనెల పక్కన ముదురాకుపచ్చ చుక్కలు, గీతలు టెలిగ్రాము కోడులా కనిపిస్తే అది బంచీటాప్. ఆ దుబ్బు నుంచి ఒక్క పిలక కూడా తీయొద్దు. పీకేయాల్సివస్తే ముందు పేనుబంక మందు కొట్టి, తర్వాత పీకాలి. లేకపోతే చెట్టు ఎండగానే పురుగులు పక్క చెట్టుకి వెళ్ళిపోతాయి. అనుమానం ఉంటే మీ మండల ఉద్యాన అధికారిని అడగండి. పరీక్ష చేసిన టిష్యూ కల్చర్ మొక్క దొరికితే ఇంకా మంచిది. పరీక్ష చెయ్యని టిష్యూ కల్చర్ మొక్కలో కూడా వైరస్ ఉండొచ్చు, అది అడిగి తెలుసుకోండి.

చివరగా రెండు పనులు. ఒకటి, నాటినరోజు ఆ రకం పేరు ఎక్కడినుంచి వచ్చిందో రాసి పెట్టండి. బూడిద బొంతా, పచ్చ బొంతా, ఎవరి పెరటిది అని. పేరు పోతే వెతికేవాడికి ఏం వెతకాలో తెలీదు. రెండు, దుబ్బు బాగా పెరిగాక ఇద్దరికి పిలక ఇవ్వండి. ఒకరు మీ వీధిలో, ఒకరు వేరే ఊళ్ళో. సైటు డ్రాయింగు ఒక్క కాపీయే ఉంటే అది తడిసినరోజు పని ఆగిపోతుంది. మూడు చోట్ల ఉంటే ఒకటి పోయినా పర్లేదు. తిరుచిరాపల్లిలో జాతీయ అరటి పరిశోధన కేంద్రం ఉంది, 1993లో పెట్టారు. బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయంలో ప్రపంచం నలుమూలల అరటి రకాల్ని, 1500కు పైగా, గాజు గొట్టాల్లో చిన్న మొక్కలుగా దాచారు. వాళ్ళ పని గొప్పది. కానీ గొట్టంలో ఉన్న మొక్క రకాన్ని బతికిస్తుంది, దాన్ని ఎలా వండాలో గుర్తు పెట్టుకోదు. ఆవ ఎంత వెయ్యాలో, పువ్వులో ఏ దొంగకాడ తీసెయ్యాలో మీ ఇంట్లో అమ్మకే తెలుసు. ఫోన్‌లో అడిగి రాసుకోండి.

ఈసారి వెకేషన్‌కి వెళ్ళేవాళ్ళు అటునుంచి పిలక తెచ్చే బదులు ఇటునుంచి వెళ్ళి ఒకటి నాటి రండి. పదకొండు పన్నెండు నెలలకి గెల కోతకి వస్తుంది. వచ్చే ఏడాది సెలవుకి వెళ్ళేసరికి కూర మీ విస్తట్లో ఉంటుంది.

మీ ఊళ్ళో కూర అరటిని ఏమంటారో, కాయ ఎలా ఉంటుందో, ఇప్పటికీ ఎవరి పెరట్లోనైనా ఉందో వాయిస్ మెసేజ్‌లో చెప్పండి. గోదావరి, కడప, శ్రీకాకుళం, ఖమ్మం, ఎవరిదైనా సరే. మీరు చెప్పిన పేర్లన్నీ ఒక జాబితాగా ఈ పేజీలోనే పెడతాం.